హౌజులోని గాలిని ఎవరు కొలవాలి?



మురుగునీటి హౌజులోకి దిగిన మనిషి పైకి రాకపోతే మర్నాడు పేపర్లో వచ్చే వార్త ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: విషవాయువు పీల్చి కార్మికుల మృతి. కార్ఖానా పేరు మారుతుంది, ఊరు మారుతుంది, చనిపోయినవారి సంఖ్య మారుతుంది. ఆ వాక్యం మాత్రం మారదు. అందులో సగం నిజమే ఉంది. లోపల ఉండకూడని వాయువు ఉండటం ఒక కారణం. ఉండవలసిన వాయువు లేకపోవడం ఇంకో కారణం. మొదటిదాని గురించి ఎంతో కొంత మాట్లాడతారు. రెండోదాన్ని యాజమాన్యాలు ఎత్తనే ఎత్తవు. ఎత్తితే, "దిగకముందు ఎందుకు కొలవలేదు?" అనే ప్రశ్న వస్తుంది కదా!

ఆ లేకుండాపోయే వాయువు ఆక్సిజన్. మన పెద్దలు ప్రాణవాయువు అన్నారు. ఇదేదో కాలేజీ చదువుల వ్యవహారమని పేజీ తిప్పేయకండి. రంగు ఖాతాలో, బ్లీచింగ్‌లో, బాయిలర్ దగ్గర రోజూ మన చేతుల మీదుగా జరిగే పనిలో సగం దీని పనే. అది ఎక్కడ ఉంటుంది, ఎవరు దాన్ని లాగేసుకుంటారు అనేది తెలిస్తే హౌజులో ఏం జరుగుతుందో ఎవరూ మనకు విడిగా చెప్పనక్కర్లేదు.

గాలిలో 100 పాళ్లకు దాదాపు 21 పాళ్లు ఆక్సిజన్, 78 పాళ్లు నైట్రోజన్. ఇది బడిలో విన్నదే. అయితే గాలిలో కంటే గాలి బయటే ఆక్సిజన్ చాలా ఎక్కువ. నీళ్ల బరువును తొమ్మిది వంతులు చేస్తే ఎనిమిది వంతులు ఆక్సిజనే. మట్టి, రాయి, ఇసుక బరువులో దాదాపు సగం అదే. ఇనుప తుప్పులో ఉంది, సున్నంలో ఉంది, కాస్టిక్‌లో ఉంది. మనం నేసే నూలు కూడా బరువులో ఇంచుమించు సగం ఆక్సిజనే. అంటే నీళ్లు, బురద ఉన్న హౌజులో నిలబడ్డ మనిషి చుట్టూ టన్నులకొద్దీ ఆక్సిజన్ ఉంది. అయినా ఊపిరాడక పోతాడు. ఎందుకంటే అదంతా వేరే పదార్థాలతో కట్టుబడి ఉన్న ఆక్సిజన్. పి.ఎఫ్.లో లక్ష రూపాయలున్నా దానితో సాయంత్రం కూరగాయలు కొనలేం కదా, అలాగే. మన ఊపిరితిత్తులకు పనికొచ్చేది గాలిలో విడిగా తిరిగే ఆ 21 పాళ్లే.

ఆక్సిజన్ గుణం ఏమిటంటే, అది దొరికినదానితో కలిసిపోవాలని చూస్తుంది. ఇనుముతో కలిస్తే తుప్పు. బొగ్గుతో వేగంగా కలిస్తే మంట. మనం తిన్న అన్నంతో ఒంట్లో నెమ్మదిగా కలిస్తే ఒంటి వేడి, చేతిలో సత్తువ. ఆ కలిసే తొందరను అదుపులో పెట్టి వాడుకోవడమే మన ఖాతాల్లో జరిగే రసాయన పని చాలావరకు. (మాటవరసకు ఒక సంగతి. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఆమ్లజని అని పేరుండేది. ఆమ్లాలను పుట్టించేది అని అర్థం. ఫ్రాన్సులో లావోయిజే 18వ శతాబ్దంలో పెట్టిన పేరుకు అది అనువాదం. యాసిడ్లన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటుందని ఆయన అనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో లేదని తర్వాత తేలింది. పేరు మాత్రం ఉండిపోయింది.)

వ్యాట్ రంగులు వేసే అన్నలకు ఒక దృశ్యం బాగా తెలుసు. నీలిరంగు తొట్టిలోంచి బయటికొచ్చే నూలు నీలంగా ఉండదు, పసుపు కలిసిన పచ్చరంగులో ఉంటుంది. గాలి తగిలిన కొద్దిసేపట్లో కళ్లముందే నీలమైపోతుంది. నీలిమందు మామూలుగా నీళ్లలో కరగదు. హైడ్రోస్, కాస్టిక్ వేస్తే కరిగే రూపంలోకి మారి నూలులోకి దిగుతుంది. బయటికి తీస్తే గాలిలోని ఆక్సిజన్ దాన్ని మళ్లీ కరగని నీలంగా మార్చి పోగులోనే బంధిస్తుంది. అందుకే ఉతికినా పోదు. ఇందులో హైడ్రోస్ కొలువు నీలిమందును కరిగే రూపంలోకి మార్చడం, ఆక్సిజన్‌ను తొట్టి దగ్గరికి రానీయకపోవడం. గాలి ఆడితే తొట్టి చెడిపోతుందని మాస్టర్ అరిచేది అందుకే. హైడ్రోస్ లేని కాలంలో మన అద్దకంవాళ్లు నీలికుండను మూతపెట్టి పులియబెట్టేవారు. కంటికి కనిపించని క్రిములు ఆక్సిజన్‌ను తినేసి అదే పని చేసిపెట్టేవి. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, హౌజు దగ్గర మళ్లీ కావాలి. మూత ఉన్న చోట పులిసే నీళ్లు ఆక్సిజన్‌ను తినేస్తాయి. మిగిలిపోయిన హైడ్రోస్ డ్రెయిన్‌లోకి పోయాక కూడా తన పని మానదు.

బ్లీచింగ్‌లో దీనికి తలకిందులు. అక్కడ ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టాలి. పెరాక్సైడ్ అంటే నీటికి ఇంకో ఆక్సిజన్ పరమాణువు అదనంగా తగిలించినట్టు. వేడికి, కాస్టిక్‌కు అది కదిలి పత్తిలోని పసుపు మరకలను విరగ్గొడుతుంది. నీళ్లలో తుప్పు రేణువులుంటే మాత్రం పెరాక్సైడ్ ఆ చోట ఒక్కసారిగా విరిగి, మరకతో ఆగకుండా పోగునే తినేస్తుంది. గుడ్డకు చిల్లులు పడతాయి. సోడియం సిలికేట్ వంటివి వేసేది ఆ వేగాన్ని ఆపడానికే. ఇది తెలిసిన యజమాని చిల్లుల గుడ్డ చూడగానే పైపుల తుప్పు చూసుకోవాలి. చాలాచోట్ల చూసేది కార్మికుడి కూలి చీటీని. డ్యామేజీ కోత పడ్డ ప్రతి కేసులోనూ నీళ్లు, పైపులు పరీక్షించారా అని మన ప్రతినిధులు అడగాలి.

ఇక బాయిలర్ దగ్గరికి రండి. నాకు అన్నిటికన్నా మండేది ఇక్కడే. బాయిలర్‌కు పోసే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ట్యూబులను లోపలినుంచి గుంటలు గుంటలుగా తినేస్తుంది. బయటికి బాగానే కనిపించే ట్యూబు ఒకరోజు సన్నగా చిల్లుపడుతుంది. అందుకని నీళ్లను ముందే వేడిచేసి ఆక్సిజన్‌ను వెళ్లగొడతారు. మిగిలిన కాస్తను సోడియం సల్ఫైట్ వేసి పట్టేస్తారు. పెద్ద బాయిలర్లలో లీటరు నీటికి మిల్లీగ్రాములో నూరో వంతు కూడా మిగలకుండా చూస్తారు. దీనికి పరీక్షలున్నాయి, రిజిస్టర్ ఉంది, రాసి సంతకం పెట్టే మనిషి ఉన్నాడు. ఆక్సిజన్ ఎక్కువైతే ట్యూబు పోతుందని అంత శ్రద్ధ! అదే కార్ఖానాలో పది అడుగుల అవతల ఆక్సిజన్ తక్కువైతే మనిషి పోయే హౌజు ఉంది. దానికి రిజిస్టర్ ఏది? పరీక్ష ఏది? సంతకం ఎవరిది? ఆక్సిజన్‌ను కొలవడం యాజమాన్యానికి చేతకాక కాదు. ట్యూబు మార్చాలంటే డబ్బు వాళ్ల జేబులోంచి పోతుంది, అంతే తేడా.

హౌజులో ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. పడుగుకు పట్టించిన గంజి గుడ్డ ఉడకబెట్టినప్పుడు నీళ్లలోకి దిగుతుంది. డ్రెయిన్‌లోకి పోయే కుళ్లే సరుకులో పెద్ద భాగం ఈ గంజే. గంజి అంటే క్రిములకు విందు. అవి దాన్ని తింటూ నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. పొల్యూషన్ బోర్డువాళ్లు బి.ఓ.డి. అని కొలిచేది ఇదే, ఈ మురికి ఎంత ఆక్సిజన్ మింగుతుంది అని. నీళ్లలోది అయిపోయాక పైనున్న గాలిలోది కరుగుతుంది, అదీ ఖర్చవుతుంది. మూత ఉంటే బయటిగాలి రాదు. సెలవులకు మూడు నాలుగు రోజులు పని ఆగితే ఇంకా ప్రమాదం. నీళ్లు కదలవు, పులుపు ఆగదు.

అంతటితో ఐపోలేదు. విడి ఆక్సిజన్ దొరకనప్పుడు కొన్ని క్రిములు కట్టుబడ్డ ఆక్సిజన్ మీద పడతాయి. రియాక్టివ్ రంగులకు మనం బస్తాలకొద్దీ వేసే గ్లాబర్ సాల్ట్ ఉంది కదా, అది సోడియం సల్ఫేట్. సల్ఫేట్ అంటే ఒక గంధకం పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. ఈ క్రిములు ఆ నాలుగింటినీ ఊడబెరుక్కుని గంధకాన్ని వదిలేస్తాయి. ఆ గంధకం హైడ్రోజన్‌తో కలిసి కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. సల్ఫర్ బ్లాక్ వేసే చోట దీనికి క్రిముల సాయం కూడా అక్కర్లేదు. ఆ రంగును కరిగించే సోడియం సల్ఫైడ్ మిగిలిన నీళ్లు, ఇంకో ఖాతానుంచి వచ్చే యాసిడ్ నీళ్లు ఒకే డ్రెయిన్‌లో కలిస్తే అప్పటికప్పుడు అదే వాయువు పుడుతుంది. ఇది మన రక్తంలోని ఆక్సిజన్‌ను కణాలు వాడుకోకుండా అడ్డుపడుతుంది. వాసన వస్తే తెలిసిపోతుందిలే అనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. పదిలక్షల పాళ్ల గాలిలో అది 100 పాళ్లకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గిందంటే గాలి బాగుపడిందనుకుని ఇంకో మెట్టు దిగేవాడు ఉంటాడు.

మూసిపెట్టిన బాయిలర్, తడి ఉన్న ఇనుప ట్యాంకు కూడా ఇలాంటివే. వాటిలో గంజీ లేదు, గంధకమూ లేదు. గోడల తుప్పే కొన్ని వారాల్లో లోపలి ఆక్సిజన్‌ను తాగేస్తుంది. వాసన రాదు, పొగ రాదు, కళ్లు మండవు. శుభ్రంగా కనిపించే చావు అది.

ఆక్సిజన్ తక్కువైతే దమ్ము ఆడక మనిషికి ముందే తెలియదా అని చాలామంది అడుగుతారు. తెలియదు. నీళ్లలో మునిగినప్పుడు, ఊపిరి బిగబట్టినప్పుడు ఒళ్లు గిలగిలలాడేది ఆక్సిజన్ తగ్గి కాదు, ప్రధానంగా లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుని. ఆక్సిజన్ లేని గాలిలోనూ మనం ఊపిరి వదులుతూనే ఉంటాం, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతూనే ఉంటుంది. అందుకని శరీరం హెచ్చరించదు. ఆక్సిజన్ బాగా తక్కువున్న చోట ఒకటి రెండు ఊపిర్లకే మోకాళ్లు కూలిపోతాయి, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. పైన ఉన్నవాడికి తన తోటివాడు కళ్లు తిరిగి పడ్డట్టే కనిపిస్తుంది. వెంటనే దిగుతాడు. అతని తర్వాత ఇంకొకడు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నయాష్ 1986లో ఇచ్చిన హెచ్చరికలో ఒక లెక్క ఉంది. ఇలాంటి మూసిన చోట్ల చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవారేనట. వీరిని తెలివితక్కువవారు అనడానికి నాకు నోరు రాదు. అన్న పడిపోతే తమ్ముడు చూస్తూ నిలబడడు. నిలబడమని చెప్పాలంటే బెల్టు, తాడు, ఊపిరి పరికరం ముందే అక్కడ ఉంచాలి. అప్పుడు పైనుంచే లాగవచ్చు.

మన ఊళ్లలో పాతబావిలోకి దిగేముందు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. తెలివైన పద్ధతే. ఆక్సిజన్ 16, 17 పాళ్లకు వస్తే దీపం ఆరిపోతుంది. కానీ మిల్లు హౌజు దగ్గర ఈ పని చేయకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న గాలిలో దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది, దిగినవాడు పోతాడు. కుళ్లిన హౌజులో మీథేన్ కూడా పుడుతుంది. దానికి దీపం చూపించడమంటే పేల్చడమే. ఇప్పుడు అరచేతిలో పట్టే మీటర్లు వచ్చాయి. ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువు నాలుగూ ఒకేసారి చూపిస్తాయి. గొట్టం తగిలించి పైనుంచే అడుగు దాకా కొలవవచ్చు. దాని ఖరీదు కొత్త రాపియర్ మగ్గం ఖరీదులో చిన్న తునక. అమెరికా భద్రతా నిబంధనలు పెట్టిన హద్దు ఆక్సిజన్ 19.5 పాళ్లు. దానికి తగ్గితే ఊపిరి పరికరం లేకుండా దిగకూడదు. 23.5 దాటినా ప్రమాదమే, అప్పుడు గుడ్డ, నూనె క్షణంలో అంటుకుంటాయి.

2021 ఏప్రిల్ గుర్తుందా? కరోనా రెండో అలలో ఆక్సిజన్ అందక దేశం అల్లాడింది. ముంబై దగ్గరి కలంబోలీ నుంచి ఏడు ఖాళీ ట్యాంకర్లు రైలెక్కి విశాఖపట్నం వెళ్లాయి. అక్కడి ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకుని నాగపూర్, నాసిక్ తిరిగొచ్చాయి. అదే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్. అక్కడ తెలుగు కార్మికులు నింపింది ఇక్కడ మహారాష్ట్ర ఆసుపత్రుల్లో ఊపిరైంది. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని 94 ఉందా, 92 ఉందా అని చూసుకున్నాం. కార్ఖానా గేటు దగ్గర మన వేళ్లకూ పెట్టారు. మనిషి వేలికి మీటర్ పెట్టడం నేర్చిన యజమాని, మనిషిని దింపే హౌజుకు పెట్టడానికి ఇంకేం నేర్చుకోవాలి?

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉండేది. ప్రమాదకరమైన వాయువు ఉండే అవకాశమున్న ట్యాంకు, గుంట, గొట్టంలోకి ఎవరినీ దిగమనకూడదు, దిగనివ్వకూడదు కూడా. అర్హుడైన మనిషి స్వయంగా పరీక్షించి కాగితం మీద రాసివ్వాలి. లేదా దిగేవాడికి ఊపిరి పరికరం, బెల్టు, తాడు ఉండాలి, తాడు కొస పైన ఒకరి చేతిలో ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. పనిచోటు ప్రమాదాలు లేకుండా చూడటం యజమాని బాధ్యత అని ఇదీ అంటోంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికి, ఇన్‌స్పెక్టర్‌కు చెప్పే హక్కు కార్మికుడికి ఉందనీ అంటోంది. కానీ కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పూర్వం 10 మంది చాలు, ఇప్పుడు 20 మంది కావాలి. భివండీలో, సోలాపూర్‌లో, ఇచల్‌కరంజీలో మనవాళ్లు పనిచేసే చిన్న కార్ఖానాలను తలుచుకోండి. ఎన్ని ఆ గీత కిందికి జారిపోతాయో! మనుషులు 20 కంటే తక్కువైతే హౌజులో ఆక్సిజన్ ఎక్కువవుతుందా?

ఇంకో చేదు నిజం. హౌజు శుభ్రం చేసే పని పర్మినెంటు కార్మికుడు చేయడం తగ్గిపోయింది. ఏడాదికొకటి రెండుసార్లు కాంట్రాక్టరు ఎవరినో తెస్తాడు. ఎక్కువగా దళితులు, ఎక్కువగా ఊరు కానివారు, మస్టర్‌లో పేరు లేనివారు. వారు మన సభ్యులు కారు కాబట్టి మన పని కాదు అనే మాట అక్కడక్కడ వినిపిస్తోంది. ఆ మాట యూనియన్ నోట రాకూడదు. ఆ హౌజులోకి పోయింది మన ఖాతా నీళ్లు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, పాకీపని చేసేవారి కోసం దశాబ్దాలుగా పోరాడి 2016లో మెగసెసే అవార్డు పొందారు. ఆ పోరాటాల ఫలితంగానే 2013లో చట్టం వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో అదే కోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. మునిసిపాలిటీ మ్యాన్‌హోల్, మిల్లు హౌజు పేర్లు వేరు, లోపలి గాలి ఒకటే. ముప్పై లక్షలకు భయపడైనా మీటరు కొంటారేమో అని ఆశపడటం కంటే, మీటరు లేనిదే మూత తీయనివ్వకపోవడం మన చేతిలో ఉంది.

ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. హౌజులో గాలి బాగోలేదని వెల్డింగ్ సిలిండర్ తెచ్చి లోపలికి ఆక్సిజన్ వదిలే తెలివైనవాళ్లు ఉంటారు. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఆక్సిజన్ ఎక్కువైన చోట ఒక నిప్పురవ్వ చాలు, ఒంటిమీది బట్టలు దీపపు ఒత్తిలా మండుతాయి. లోపలికి పంపాల్సింది బ్లోయర్‌తో బయటి మామూలు గాలి. అది కూడా పని ముగిసేదాకా ఆపకుండా. ఎందుకంటే అడుగు బురద కదిలించిన కొద్దీ దానిలో చిక్కుకున్న వాయువు మళ్లీ పైకి లేస్తుంది. దిగేముందు ఒకసారి కొలిచి వదిలేస్తే చాలదు, మనిషి లోపల ఉన్నంతసేపూ కొలుస్తూ ఉండాలి.

రాబోయే గేటు మీటింగ్ లోపల ప్రతి కమిటీ ఒక కాగితం మీద ఇవి రాసి తేవాలి. తమ కార్ఖానాలో మూత ఉన్న హౌజులు ఎన్ని, మూసిపెట్టిన బాయిలర్లు, ట్యాంకులు ఎన్ని, సల్ఫర్ రంగు నీళ్లు, యాసిడ్ నీళ్లు ఒకే డ్రెయిన్‌లో పోతున్నాయా, ఆఖరిసారి హౌజు ఎప్పుడు కడిగారు, ఎవరు దిగారు, వారి పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది. బోనస్, డి.ఎ. డిమాండ్లతోపాటు ఈ కాగితం కూడా చర్చల బల్ల మీద పెడదాం. మీటరు, బ్లోయర్, బెల్టు, తాడు, ఊపిరి పరికరం అనే అయిదు వస్తువులకు కొనుగోలు తేదీ రాసివ్వమని అడుగుదాం.